నల్లరేగడి పల్లెల్లో ఇటలీ ముని – వీరమామునివర్

తెలుగువారికి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఎటువంటివాడో తమిళులకు వీరమామునివర్ అటువంటివాడు. బ్రౌన్ నిఘంటువు వెలువడడానికి నూరేళ్ళకు పైగా ముందే ఆయన తమిళానికి అకారాది క్రమంలో నిఘంటువు కూర్చాడు. వ్యాకరణాలు రచించాడు, లిపిని చక్కదిద్దాడు, ఒక మహాకావ్యం వ్రాశాడు. ఆయన ఇటలీ దేశస్థుడు. అసలు పేరు కాన్‌స్టాంటైన్ జోసఫ్ బెస్కి. 1968లో చెన్నైలో రెండవ ప్రపంచ తమిళ మహాసభలు జరిగినప్పుడు మెరీనా తీరాన తిరువళ్ళువర్, కంబర్, భారతి వంటి మహాకవుల సరసన ఆయన విగ్రహాన్ని కూడా నిలిపారు.

బెస్కి పేరు చెప్పగానే పండితులకు తేంబావణి కావ్యం, దానిని వ్రాసిన ఏలాకురిచ్చి గ్రామం గుర్తుకు వస్తాయి. అయితే తమిళనాట ఆయన జీవితంలోని తొలి అధ్యాయం గడచినది అక్కడ కాదు. ఇంకా దక్షిణాన, తెలుగు పాలెగార్ల ఏలుబడిలో ఉండిన కోవిల్‌పట్టి ప్రాంతపు పల్లెల్లో గడచింది. ఆ కథ తెలుగువారికి అంతగా తెలియదు.

వలస వచ్చినవారి సీమ

విరుదునగర్ నుండి సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు మీదుగా తిరునల్వేలికి పోయే దారి పొడుగునా నల్లరేగడి భూములు కనిపిస్తాయి. తమిళులు దీనిని కరిసల్ సీమ అంటారు. వాన కురిస్తేనే పంట, లేకుంటే కరువు. విజయనగర కాలంలోను, ఆ తరువాత మదురై నాయకుల కాలంలోను తెలుగు దేశం నుండి తరలివచ్చిన కుటుంబాలు ఈ భూములను బాగుచేసుకొని స్థిరపడ్డాయి. కమ్మవారు, రెడ్లు, కవరైలు, రాజకంబళ నాయకులు ఇక్కడ ఊళ్ళు కట్టుకున్నారు. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయంలో రాజులు స్థిరపడ్డారు. తమిళులు వీరందరినీ వడుగర్ అన్నారు. అంటే ఉత్తరాది నుండి వచ్చినవారని అర్థం. ఇంట తెలుగు, వీధిలో తమిళం వీరికి తరతరాల అలవాటు.

మదురై నాయకులు రాజ్యాన్ని 72 పాలెములుగా విభజించి ఏలారు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్ళలో అనేకం ఎట్టయపురం పాలెగార్ల కిందకు వచ్చేవి. ఈ పాలెగార్లు రాజకంబళ నాయకులు. తమ పూర్వులు చంద్రగిరి నుండి వచ్చారని వారి వంశచరిత్ర చెబుతుంది. చిత్తూరు సీమవారికి ఆ చంద్రగిరి పరాయి ఊరు కాదు. తరువాతి కాలంలో ముత్తుస్వామి దీక్షితులు తుదిశ్వాస విడిచినదీ, సుబ్రహ్మణ్య భారతి జన్మించినదీ ఈ ఎట్టయపురంలోనే.

కోవిల్‌పట్టికి సమీపంలోని కామనాయక్కన్‌పట్టి అటువంటి ఒక పల్లె. ఊరి పేరులోనే నాయకుడు ఉన్నాడు. ఆ పల్లెలో పరలోకమాత పేరిట ఒక పురాతన కతోలిక దేవాలయం ఉంది. తెలుగు క్రైస్తవులు మోక్షారోపణ మాతగా కొలిచే మరియమాతనే అక్కడ పరలోకమాత అంటారు. 17వ శతాబ్దిలోనే ఇది యేసు సభ గురువులు నడిపిన మదురై మిషన్‌కు ఒక ముఖ్య కేంద్రం. అరుళానందర్ అని తమిళులు పిలుచుకునే పునీత జాన్ డి బ్రిట్టో కూడా సేవచేసిన చోటుగా దీనికి ప్రసిద్ధి. దేవాలయానికి భూమి ఇచ్చినది ఎట్టయపురం పాలెగారు. ఆ దానానికి సాక్ష్యంగా దేవాలయం ముంగిట ఒక శిలాశాసనం ఉంది.

హిందువైన తెలుగు పాలెగారు ఇచ్చిన నేలపై, తమిళం మాట్లాడే విశ్వాసుల కోసం వెలసిన దేవాలయమది. అక్కడికి ఇటలీ నుండి వచ్చి చేరిన గురువులలో బెస్కి ఒకడు.

బాల్యం – విద్యాభ్యాసం

బెస్కి 1680 నవంబరు 8వ తేదీన ఉత్తర ఇటలీలోని కాస్తిల్యోనె దెల్లె స్తివియెరె అనే పట్టణంలో జన్మించాడు. అది మాంటువా సీమలోనిది. 1698లో యేసు సభలో చేరాడు. రవెన్నాలో కొంతకాలం బోధించి, బొలోన్యాలో తత్త్వశాస్త్రం, వేదాంతశాస్త్రం చదివి, 1709లో గురుపట్టం పొందాడు. లాటిన్ సాహిత్యంలో ఆయనకు చక్కని ప్రవేశం ఉండేది. మదురై మిషన్‌ను గురించి విన్న కథలు ఆయన మనసును ఈ వైపుకు తిప్పాయి. పెద్దల అనుమతి పొంది లిస్బన్‌లో ఓడ ఎక్కి 1710 అక్టోబరులో గోవా చేరాడు. 1711లో మదురై సీమలో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై.

ఆ మిషన్‌కు ఒక సంప్రదాయం ఉంది. 1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నొబిలి పాశ్చాత్య వేషం విడిచి, కాషాయం ధరించి, మాంసాహారం మానివేసి, ఈ దేశపు సన్యాసి వలె జీవించాడు. తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చాడు. బెస్కి కూడా ఆ బాటలోనే నడిచాడు. తన పేరులో ఉన్న స్థైర్యమనే అర్థాన్ని తమిళంలోకి మార్చుకొని ధైర్యనాథస్వామి అయ్యాడు. వీరమామునివర్ అనే పేరు తరువాత వచ్చినది. తమిళంతో పాటు సంస్కృతం, తెలుగు కూడా ఆయన అభ్యసించాడు. పాలెగారి కచేరీలోను, మదురై నాయకుల కొలువులోను తెలుగు వాడుకలో ఉన్న కాలమది. ఆ సీమలో తిరిగే సన్యాసికి తెలుగు రాకపోతే పని జరిగేది కాదు.

మరణం అంచున

పల్లె గురువు జీవితం సుఖమైనది కాదు. ఒక్కొక్క గురువు కింద దూరదూరంగా ఉండే అనేక గ్రామాలు ఉండేవి. కాలినడకన ఊరూరూ తిరగాలి. పూరిపాకలలో పూజలు చేయాలి. గురువు లేని నెలలలో ఉపదేశులు అనబడే స్థానిక బోధకులు ప్రార్థనలు నడిపేవారు. బెస్కి తొలి ఏండ్లు కామనాయక్కన్‌పట్టి, కయత్తారు ప్రాంతాలలో ఈ విధంగానే గడిచాయి. ఎనిమిది దశాబ్దాల తరువాత, 1799లో, మరొక తెలుగు పాలెగారు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఆంగ్లేయులు ఉరితీసినది ఆ కయత్తారులోనే.

1714–15 ప్రాంతంలో ఆ సీమలో క్రైస్తవులపై తీవ్రమైన వ్యతిరేకత చెలరేగింది. గురుక్కల్‌పట్టి అనే గ్రామంలో బెస్కి బంధింపబడ్డాడు. విషయం మరణదండన వరకు వెళ్ళింది. చివరి ఘడియలో విడుదలై ప్రాణాలతో బయటపడ్డాడు. ఓడ దిగి నాలుగైదేండ్లు కూడా నిండని మనిషికి ఇది చిన్న పరీక్ష కాదు. గోవాకు తిరిగిపోయినా తప్పుపట్టేవారు లేరు. ఆయన పోలేదు. ఉత్తరంగా కావేరి, కొల్లిడం నదుల ప్రాంతానికి వెళ్ళి తన పని కొనసాగించాడు. తమిళంలో ఆయన గాఢమైన సాధన ఈ అనుభవం తరువాతనే సాగడం గమనించదగినది. ఒక దేశంలో నిలవాలంటే అక్కడి మాటను పైపైన నేర్చి లాభం లేదని ఆయనకు బోధపడి ఉండాలి.

సుప్రదీప కవిరాయర్ అనే కవి వద్ద ఆయన తమిళ కావ్యాలు చదువుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కవిరాయరు నిలక్కోట పాలెగారైన కూళప్ప నాయకుని కొనియాడుతూ దూతకావ్యం వ్రాసినవాడు. అంటే బెస్కి గురువును పోషించిన దొర కూడా ఒక నాయకుడే.

కావ్యకర్త

అరియలూరుకు సమీపంలోని ఏలాకురిచ్చిలో బెస్కి చాలాకాలం ఉన్నాడు. అక్కడి అడైకల మాత దేవాలయం ఆయన పేరుతో ముడిపడి ఉంది. ఆ ఊరికి తిరుక్కావలూర్ అని తానే పేరుపెట్టి, దానిపై తిరుక్కావలూర్ కలంబకం రచించాడు. 1726లో తేంబావణిని పూర్తిచేశాడు. పునీత జోజప్ప జీవితాన్ని చెప్పే ఈ మహాకావ్యంలో 3 కాండాలు, 36 పడలాలు, 3615 పద్యాలు ఉన్నాయి. కంబరామాయణం వలె ఇదీ దేశవర్ణనతో, నగరవర్ణనతో మొదలవుతుంది. యూదుల దేశంలో తమిళనాటి వరిపొలాలు, తామర కొలనులు కనిపిస్తాయి. జోజప్పకు వళన్ అనే తమిళ నామం పెట్టాడు. పండితుల కోసం కావ్యం వ్రాసిన ఆ చేతితోనే పల్లె స్త్రీలు పాడుకునే అమ్మానై ఫక్కీలో కిత్తేరి అమ్మాళ్ కథను కూడా వ్రాశాడు.

ఒక విచిత్రం గమనించాలి. అదే కాలంలో మదురై రాజ్యాన్ని ఏలిన విజయరంగ చొక్కనాథ నాయకుడు స్వయంగా తెలుగు వచనకర్త. ఆయన కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు, శేషము వేంకటపతి వంటివారు తెలుగు కావ్యాలు వ్రాస్తుండేవారు. దక్షిణాంధ్ర సాహిత్య యుగమని మన సాహిత్య చరిత్రలు చెప్పేది ఈ కాలాన్నే. రాజ్యపు దక్షిణ అంచున తెలుగు మాట్లాడేవారు వేలకొలది ఉన్నా, ఆ కొలువు కావ్యాలు ఆ పల్లెలకు ఎంతవరకు చేరాయన్నది సందేహమే. బెస్కి రాజాస్థానానికి దూరంగా కూర్చొని పల్లెవారి భాషనే పట్టుకున్నాడు.

నేర్చుకొనేవారి కోసం

బెస్కి కావ్యం గొప్పదే. అయినా తమిళులందరికీ నిత్యం ఉపయోగపడుతున్నది ఆయన చేసిన మరొక పని. నాటి తమిళ లిపిలో ఎ–ఏ, ఒ–ఓ అక్షరాల మధ్య తేడా చూపడానికి హ్రస్వాక్షరంపై ఒక చుక్క పెట్టాలన్నది నియమం. తాటాకుపై గంటంతో వ్రాసేవారు చుక్కలు పెట్టేవారు కారు. ఆకు చిల్లుపడుతుందని వారి భయం. దానితో అగ్గిని చెప్పే ఎరి అనే మాట, చెరువును చెప్పే ఏరి అనే మాట ఒకే విధంగా కనిపించేవి. తెలుగులో మెడకు మేడకు, కొడికి కోడికి తేడా లేకుండా వ్రాస్తే చదువరి పడే పాట్లు ఊహించుకోవచ్చు. పండితుడు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. కొత్తగా చదువుకునేవాడు తికమకపడతాడు. బెస్కి చుక్కను తొలగించి, దీర్ఘాక్షరానికి ప్రత్యేకమైన గీతను, కొమ్ముకు చుట్టును చేర్చాడు. తమిళ బడులలో పిల్లలు దిద్దే ఏ, ఓ అక్షరాలు ఆయన తీర్చినవే.

నిఘంటువు విషయంలోనూ ఆయన చూపు కొత్త విద్యార్థి మీదనే ఉంది. అంతకు ముందు తమిళంలో దివాకరం వంటి నిఘంటువులు పద్యాలలో ఉండేవి. మన అమరకోశం వలె వాటిని కంఠస్థం చేయాలి. బెస్కి 1732లో కూర్చిన చతురకరాదిలో మాటలు అక్షరక్రమంలో ఉంటాయి. కావలసిన మాటను ఎవరైనా వెదకి పట్టుకోవచ్చు. పేర్లు, అర్థాలు, సమూహ పదాలు, ప్రాసపదాలు అని దానికి నాలుగు భాగాలు. తమిళంలో ఇటువంటి క్రమంలో వచ్చిన తొలి నిఘంటువులలో ఇది ఒకటి.

వ్యాకరణాలలో కూడా ఆయన ఒక మెలకువ చూపాడు. జనం మాట్లాడే కొడున్ తమిళానికి ఒకటి, కావ్యభాషయైన సెన్ తమిళానికి మరొకటి, ఇలా లాటిన్ భాషలో వేర్వేరు వ్యాకరణాలు వ్రాశాడు. తమిళ పండితుల కోసం 1730లో తొన్నూల్ విళక్కం రచించాడు. వాడుకభాషకు కూడా నియమాలు ఉంటాయని, అవి నేర్చుకోదగినవని ఆయన గుర్తించాడు. తెలుగునాట గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడడానికి అది సుమారు రెండు శతాబ్దాల ముందటి మాట. తిరుక్కురళ్‌లోని ధర్మార్థ భాగాలను లాటిన్‌లోకి అనువదించాడు. కామభాగాన్ని సన్యాసి ముట్టలేదు. ఉపదేశుల నడవడిక కోసం వేదియర్ ఒళుక్కం అనే వచనగ్రంథాన్ని కూడా ఇచ్చాడు. గురువు లేని పల్లెలలో మతాన్ని నిలిపేవారు ఆ ఉపదేశులే గదా.

ఆయనలో వాదప్రియత్వం కూడా ఉండేది. తరంగంబాడిలోని లూథరన్ మిషనరీలను ఖండిస్తూ ఆయన వ్రాసిన గ్రంథాలలో పరుషత్వం ఉంది. కాని చరిత్ర చేసిన తమాషా చూడండి. 1738లో ఆయన కొడున్ తమిళ వ్యాకరణం అచ్చయినది ఆ తరంగంబాడి ముద్రణాలయంలోనే. మతంలో ప్రత్యర్థులైనవారు కూడా తమిళం నేర్వడానికి ఆయన పుస్తకాన్నే ఆశ్రయించారు.

పరమార్థ గురువు – మన పరమానందయ్య

తెలుగు పిల్లలకు పరమానందయ్య శిష్యుల కథలు కొత్తగా చెప్పనక్కరలేదు. 1966లో నందమూరి తారక రామారావు నటించిన చలనచిత్రం వాటిని మరింత దగ్గర చేసింది. తమిళంలో వాటికి తోబుట్టువు బెస్కి వ్రాసిన పరమార్థ గురువు కథ. అందులో మట్టి, మడైయన్, పేదై, మిలేచ్ఛన్, మూడన్ అని అయిదుగురు శిష్యులు ఉంటారు. ఆ పేర్లన్నిటికీ ఇంచుమించు మందమతి అనే అర్థం. ఏరు దాటి తమను తాము లెక్కపెట్టుకుంటూ ఒకడు తగ్గాడని ఏడవడం, గుర్రపు గ్రుడ్డు కొనడం వంటి ఘట్టాలు రెండు భాషలలోను కనిపిస్తాయి. నోటి కథలకు సరిహద్దులు లేవు. ఎవరి నుండి ఎవరు తీసుకున్నారన్న తగవు కంటే, తెలుగు తమిళం కలగలిసిన సీమలో ఈ కథలు తిరుగాడాయన్న సంగతి ముఖ్యం. తమిళం నేర్చుకునే విదేశీ గురువులకు వాచకంగా బెస్కి దీనికి లాటిన్ అనువాదం జోడించాడు. 1822లో బెంజమిన్ బాబింగ్టన్ ఆంగ్లానువాదంతో దీనిని లండన్‌లో ప్రచురించాడు. తమిళంలో కథావచనానికి ఇది తొలి మెట్లలో ఒకటి.

చివరి రోజులు

1736లో మదురై నాయకుల రాజ్యం అంతరించి తిరుచిరాపల్లి చందాసాహెబు చేతికి చిక్కింది. బెస్కి ఆయనను కలుసుకోవడానికి మూడు నెలలలో పారశీకం, హిందుస్తానీ నేర్చాడని, ఆయన కొలువులో దివానుగా పనిచేశాడని, పల్లకీలో తిరిగేవాడని కథలు ఉన్నాయి. చెన్నపట్టణం కళాశాలలో పనిచేసిన ముత్తుసామి పిళ్ళై 1822లో వ్రాసిన జీవితచరిత్ర ద్వారా ఇవి లోకంలో వ్యాపించాయి. దివాను కథను తరువాతి పరిశోధకులు అంగీకరించలేదు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లిని పట్టుకొని చందాసాహెబును బందీగా తీసుకుపోయారు. యుద్ధాల నడుమ వృద్ధుడైన బెస్కి దక్షిణ తీరానికి, అటు నుండి కేరళకు వెళ్ళాడు. 1747 ఫిబ్రవరి 4వ తేదీన అంబళక్కాడులో కన్నుమూశాడు. 1693లో అదే ఫిబ్రవరి 4వ తేదీన ఓరియూరులో జాన్ డి బ్రిట్టో వధింపబడ్డాడు. కామనాయక్కన్‌పట్టితో అనుబంధం గల ఇద్దరి స్మరణదినం ఒక్కటే కావడం విశేషం.

ఆ తరువాత మిషన్‌కు గడ్డుకాలం వచ్చింది. 1773లో పోపు యేసు సభను రద్దు చేశాడు. గురువుల కొరత ఏర్పడింది. సభ పునరుద్ధరింపబడి, మదురై సీమకు యేసు సభ గురువులు మళ్ళీ వచ్చేసరికి 1838 అయింది. ఆ ఆరున్నర దశాబ్దాలలో పల్లెటూరి క్రైస్తవ సమాజాలు నిలిచాయంటే ఇంటింటి ప్రార్థనల వల్ల, ఉపదేశుల శ్రమ వల్ల, తమ సొంత భాషలో ఉన్న పాటల వల్ల, పుస్తకాల వల్ల నిలిచాయి. పరాయి భాషలో నేర్పిన విశ్వాసమైతే గురువుతో పాటే వెళ్ళిపోయేది.

మిగిలినది

కామనాయక్కన్‌పట్టి విచారణ 1973లో ఏర్పడిన పాళయంకోట మేత్రాసనం కిందకు వస్తుంది. ఏటా ఆగస్టు 15న జరిగే పరలోకమాత పండుగకు, రథోత్సవానికి చుట్టుపక్కల జిల్లాల నుండి జనం తరలివస్తారు. కులమతాల పట్టింపు లేకుండా అందరూ మొక్కులు చెల్లించుకుంటారు.

కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఇడైసేవల్ అనే ఊరుంది. ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఆ ఊరివారు, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవారు. తెలుగుదేశం నుండి తరలివచ్చిన పూర్వుల కథను గోపల్లగ్రామం నవలగా 1976లో తమిళంలో వ్రాశారు. దాని కొనసాగింపైన గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కరిసల్ సీమ మాండలిక పదాలకు ఆయన ఒక నిఘంటువు కూడా కూర్చారు. 2021లో ఆయన మరణించినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఇటలీ నుండి వచ్చినవాడు, తెలుగు వలస కుటుంబంలో పుట్టినవాడు, ఇద్దరూ ఈ నల్లరేగడిలోనే తిరిగి తమిళానికి నిఘంటువులు ఇచ్చారు. వలస వచ్చినవాడు నేలకు బరువు కాడని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇక ఆ ఇళ్ళలోని తెలుగు సంగతి మిగిలింది. తరాలుగా అది నోటి మీదనే బ్రతుకుతున్నది. మాట్లాడేవారిలో ఎక్కువమందికి తెలుగు అక్షరాలు రావు. ఒక భాష తరువాతి తరానికి అందాలంటే స్పష్టమైన లిపి కావాలి, వెదుక్కునే నిఘంటువు కావాలి, వాడుకభాషను గౌరవించే వ్యాకరణం కావాలి, నవ్వుకుంటూ చదివే కథలపుస్తకం కావాలి. ఈ నాలుగింటినీ బెస్కి ఒక్కడే, తనది కాని భాషకు, పల్లెటూరి గుడి నీడలో కూర్చొని సమకూర్చాడు. తమ సొంత భాషకు ఆ పని చేసుకోవడం కరిసల్ సీమ తెలుగువారికి అసాధ్యం కాదు. దారి చూపినవాడు వారి పొలాల గట్ల మీదనే నడిచి వెళ్ళాడు.